మద్రాసు ఓడ, తాండూరు ఫోను

మా తాండూరుకు సముద్రం లేదు. వానలు తక్కువైన ఏడాది చెరువులో నీళ్ళు కూడా ఉండవు. అయినా నేను కాపురం చేసిన కాలంలో మా బండల వ్యాపారుల బతుకంతా ఓడ చేతిలో ఉండేది. గనిలో నాపరాళ్ళు కోసి, కార్ఖానాలో పాలిషు పట్టి, స్టేషను పక్కన గూడ్సు వ్యాగన్లకు ఎక్కిస్తే అవి వికారాబాదు, సికింద్రాబాదు, బెజవాడ దాటి మద్రాసు రేవుకు పోయేవి. అక్కడ ఓడెక్కి ఏ దేశానికో పోయేవి. ఎవరు ఇళ్ళలో పరుచుకున్నారో, వాటిమీద ఎవరు నడిచారో మాకు తెలియదు. తెలుసుకుని చేసేదీ లేదు. మాకు కావలసింది ఒక్కటే. ఓడ ఎప్పుడు వస్తుంది, రాయి ఎప్పటిలోగా రేవు గేటు దాటాలి.

ముందుగా పోయిన రాయి రేవులో పడి ఎండకు ఎండి, లారీలు తగిలి అంచులు ఊడేది. ఆలస్యంగా పోయిన రాయికి ఓడే ఉండేది కాదు. పోనీ ఎవరికి వారు పంపుకుందామంటే రైలువాళ్ళు ఒకరి కోసం వ్యాగను తెచ్చి పెట్టరు. అందరికీ కలిపి ఒక వరసగా తెచ్చి నిలబెడతారు. నింపడం ఒకడు ఆలస్యం చేస్తే అందరి వ్యాగన్లూ ఆగుతాయి. అందుకని వ్యాపారంలో ఒకరి గొంతు ఒకరు పిసుక్కునే మనుషులు కూడా ఓడ కబురు దగ్గర మాత్రం కలిసి కూర్చునేవారు. ప్రేమ ఉండి కాదు. గతిలేక.

కూర్చునేది స్టేషను రోడ్డులో, కందిపప్పు మిల్లు షావుకారు దుకాణంలో. బండల వ్యాపారుల్లో ఎవరికీ ఫోను లేదు. ఆ షావుకారుకు ఉండేది. నల్లటిది, బరువైనది, గల్లా పక్కన బల్లమీద ఎర్రగుడ్డ పరిచి పెట్టేవాడు. పొద్దున మద్రాసుకు ట్రంకు కాలు బుక్ చేస్తే పొద్దుగూకే వేళకు కలిస్తే కలిసినట్టు, లేకుంటే లేదు. కొన్నిసార్లు మద్రాసు ఏజెంటే చేసేవాడు. కలిశాక అంతా అరుపులే. అక్కడ ఒక రివాజు ఉండేది. ఫోను పట్టుకున్నవాడు అవతలి మనిషి చెప్పిన ప్రతి ముక్కనూ అక్కడికక్కడే గట్టిగా మళ్ళీ చెప్పాలి. తన సొంత సంగతైనా సరే, తిట్టైనా సరే. చుట్టూ కూర్చున్నవాళ్ళు వింటారు. ఆ తర్వాత ఒకరు స్టేషనులో వ్యాగన్లు చూసే గూడ్సు బాబు దగ్గరి కబురు చెబుతారు, ఒకరు కరెంటు ఎప్పుడు పోతుందో చెబుతారు, ఒకరు హమాలీలు ఏ ఊరి పెళ్ళికి పోతున్నారో చెబుతారు. అన్నీ కలిపితే ఎవరు ఎప్పుడు స్టేషను దగ్గర రాయి దించాలో తేలేది. కాగితం లేదు, సంతకం లేదు. నోటిమాట మీద రాళ్ళు సముద్రం దాటేవి.

నేను చదివింది మూడో తరగతి వరకు. కూడబలుక్కుని చదువుతాను, ఇప్పుడిది రాసేదీ అట్లాగే. మా ఆయన గనిలో రాయి కొట్టి కొట్టి, సొంతంగా పాలిషు మిషను పెట్టుకున్న మనిషి. ఆయన దగ్గు మొదట నేను పట్టించుకోలేదు. రాళ్ళ పని చేసేవాళ్ళలో దగ్గని మనిషి ఎవరు? ఒకనాడు దగ్గులో రక్తం పడింది. వికారాబాదు తీసుకుపోయి అనంతగిరి గుట్టమీది దవాఖానలో చేర్చాను. ఛాతీ ఫోటో తీసి చూసి డాక్టరు, ఇది అంటురోగం కాదమ్మా, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది అన్నాడు. ఊరు మాత్రం క్షయ అంది. ఊరు ఒకసారి అంటే డాక్టరు ఎన్నిసార్లు అన్నా ఒకటే.

అప్పుడే మద్రాసు ఏజెంటుతో మాట ఒకటి కుదిరి ఉంది. రాబోయే ఓడకు మా రాయి ఒక్క వ్యాగను పంపాలి. ఆయన చూస్తాడు. నచ్చితే ఏడాది పొడుగునా మా దగ్గరే తీసుకుంటాడు. ఆ ఓడ తప్పితే మాకు మిషను అమ్ముకోవడం తప్ప దారి లేదు, మిషను పోతే గుట్టమీది మనిషికి మందు లేదు. మా ఆయన మంచంమీద కూడా అదే పాట. "ఓడ ఎప్పుడంట?" ఒంట్లో ఎట్లా ఉందని నేనడిగితే "ఓడ సంగతి చెప్పు" అనేవాడు.

కబురు వినడానికి నేను పోయాను. ఆడమనిషి ఆ దుకాణంలో కూర్చోవడం అంతకు ముందు లేదు. దానికి ఎవరూ ఏమీ అనలేదు. గడప మీద కాలు పెట్టగానే షావుకారు చెయ్యెత్తాడు.

"చెల్లె, జర గడప అవతల్నే నిలబడు."

"ఎందుకన్నా?"

"ఏం లేదు. గాలి మంచిగ తగుల్తది."

గోడ వారగా కూర్చున్న ఇంకో వ్యాపారి, తెల్లచొక్కా ఆయన, దాపరికం లేకుండా చెప్పాడు. "గా ఫోనుల ఊపిరి నిల్వ ఉంటదమ్మా. పోయిన నెల నీ పెనిమిటి గీ ఫోన్లనే మాట్లాడిండు. గప్పటి సంది మేమంత బట్ట అడ్డం పెట్టుకొని మాట్లాడుతున్నం."

"డాక్టరు దుమ్మని చెప్పిండు. అంటుకునేది కాదన్నడు."

"డాక్టర్లు గట్లనే అంటరు. వాళ్ళకేంది, జీతాలొస్తయి."

"నేనేం ఫోను ముట్టుకోను. కూసొని వింట, అంతే."

"ఇంటే ఇన్నవు గని దగ్గకు. గీ తీగ మీదికెల్లి పోయి మద్రాసోళ్ళకు అంటుకుంటే ఓడనే రాకుంట పోతది." అందరూ నవ్వారు. షావుకారు నవ్వుతూనే ఎర్రగుడ్డ అంచు తీసి ఫోను మీద కప్పాడు. రోగం తీగలో పోతుందని వాళ్ళు నిజంగా నమ్మారు. చదువుకున్నవాళ్ళు కూడా.

నేను రోడ్డు మీద, మోరీ పక్కన నిలబడ్డాను. ఎండ. మోరీ కంపు. లోపల ఫోను మోగింది, తెల్లచొక్కా ఆయన పట్టుకున్నాడు. నేనున్నానని గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మళ్ళీ చెప్పాడు. నాకు సగం వినబడింది. ఇంకోసారి చెప్పుమంటే "నీ మరిది ఉన్నడు గద లోపల, ఆయన్నడుగు" అన్నాడు.

మా మరిది నిజంగానే లోపల ఉన్నాడు. మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. వాడికి పక్కనే కార్ఖానా, మా ఆయనే మిషను పెట్టించి ఇచ్చాడు. ఆ మాట వాడు మరిచిపోయాడని కాదు. గుర్తున్నందుకే వాడికి ఒళ్ళు మంట. బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెయ్యెడు దూరం ఉంచుకుని నిలబడ్డాడు, అది నేను చూశాను.

"వదినా, నువ్వెందుకు గీ ఎండల నిలబడుడు? ఓడ కబురు రాంగనే నేనొచ్చి చెప్త. అన్న సరుకు నా సరుకు కాదా?"

మిషను దగ్గర మనిషి లేకపోతే పాలిషు చెడుతుంది. సరేనన్నాను. రాయి చూసుకున్నాను. రాత్రికి మాత్రం కూలి మనిషిని పెట్టి, పగటిపూట నేనే నిలబడి నీళ్ళు పోయించి, అంచులు చేత్తో తడిమి చూసి, ఒక్కొక్క బండకూ మా గుర్తు వేయించాను. ప్రతి కార్ఖానాకూ అంచుమీద రంగుతో ఒక గుర్తు ఉండేది. మాది ఆకుపచ్చ చుక్క. మరిదిది నీలం గీత. బండలన్నీ గూడ్సు షెడ్డు దగ్గరికి చేర్చి, వరిగడ్డి కట్టలు కొని పెట్టి, కబురు కోసం చూశాను. వ్యాగన్లో రాయి నిలబడి ప్రయాణం చేయాలి. మధ్య మధ్య గడ్డి దూర్చి, పక్కల కర్రలు బిగించి నిలబెట్టాలి. పడుకోబెడితే ఎక్కువ పడతాయి, కాని పట్టాల కుదుపుకు కిందివి చిట్లుతాయి. ఇది మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు.

సాయంత్రం సాయంత్రం మరిదిని అడిగేదాన్ని.

"ఏమయ్యా, ఓడ కబురొచ్చిందా?"

"రాలేదు వదినా."

"ఫోను కలుస్తుందా?"

"కలుస్తలేదు వదినా. లైను ఖరాబున్నది."

వారానికొకసారి పొద్దున్నే ప్యాసెంజరు ఎక్కి వికారాబాదు పోయేదాన్ని. గుట్ట ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు నడక. జొన్నరొట్టె కట్టుకుపోయి ఆయనకు పెట్టి, దవాఖాన అన్నం నేను తిని వచ్చేదాన్ని. ఒకనాడు తిరుగు బండికోసం వికారాబాదు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. తాండూరు దిక్కునుంచి గూడ్సు వచ్చింది. సిగ్నలు లేక మెల్లగా, నా ముందునుంచి నడిచినట్టు పోయింది. పై కప్పులేని వ్యాగన్లు. రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి, గడ్డి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అంచుల మీద గుర్తులు. ఎర్ర గీత, మాతోటి వ్యాపారి సాయిబుది. పసుపు గుండ్రం, తెల్లచొక్కా ఆయనది. మా ఊరి గుర్తులన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. చివరి వ్యాగన్లో నీలం గీత. రాళ్ళు పడుకోబెట్టి ఉన్నాయి, గడ్డి పరక లేదు. తొందర పడ్డవాడి పని. ఆకుపచ్చ చుక్క ఎక్కడా లేదు. ఆఖరి పెట్టెలో గార్డు పచ్చజెండా పట్టుకుని ఆవలిస్తూ పోయాడు.

నేను ఏడవలేదు. ప్లాట్‌ఫారం మీద ఏడిస్తే రాయి నడిచి పోదు.

తాండూరులో దిగి నేరుగా గూడ్సు బాబు దగ్గరికి పోయాను. "సారూ, మా వ్యాగను ఎప్పుడు పెడ్తరు?"

ఆయన వింతగా చూశాడు. "మీది పోయింది గదమ్మా. మీ మరిదే నింపిండు. అన్న పేరు మీది వ్యాగను, నేను నింపుతున్న అన్నడు. ఇంటి మనిషే గదా అని ఇచ్చిన."

అంటే ఓడ కబురు వచ్చింది. అందరూ విన్నారు. అందరూ నింపారు. నేను గుట్టకు పోయిన పూట చూసి, మా గడ్డి కట్టల పక్కనుంచే హమాలీలు రాళ్ళు మోసుకుపోయారు. నాకు చెప్పవలసినవాడు చెప్పలేదు, చెప్పడం తన పని కానివాడు ఒక్కడూ చెప్పలేదు. మరిది లెక్క నాకు అర్థమైంది. మా పేరు మీద వాడి రాయి పోతుంది. ఏజెంటు చూస్తాడు, నచ్చుతుంది. అన్న గుట్టమీదనుంచి దిగడు. ఆర్డరు వాడిది.

ఆ సాయంత్రం కూడా అడిగాను.

"ఏమయ్యా, కబురొచ్చిందా?"

"ఏడొచ్చింది వదినా. గా ఓడ మునిగిపోయిందో ఏమో."

"మునగనీ" అన్నాను. "వచ్చినప్పుడు చెప్పు."

వాడి ముఖం మీద కొట్టలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ రాళ్ళు ఎట్లా పోతున్నాయో నేను కళ్ళారా చూశాను కదా. పడుకుని పోతున్నాయి. మద్రాసు చేరేదాకా ఆగాను. ఆ రోజుల్లో రోజూ అడిగాను, రోజూ వాడు ఒక కొత్త సాకు చెప్పాడు. ఏజెంటుకు జ్వరమన్నాడు. రేవులో హర్తాళన్నాడు. సాకులు తడుముకోవడం చూస్తుంటే నాకు కడుపు నిండేది.

గూడ్సు మద్రాసు చేరిందని గూడ్సు బాబు చెప్పిన రోజు, పొద్దుగూకక ముందే షావుకారు దుకాణానికి పోయాను. అందరూ ఉన్నారు. మరిది లోపల, బెంచీమీద, ఫోనుకు దగ్గరగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "వదినా, నువ్వెందుకొచ్చినవ్? నేను చెప్త గద."

"గాలి కోసం వచ్చిన" అన్నాను. మోరీ పక్కన నా చోటులో నిలబడ్డాను.

ఫోను మోగింది. షావుకారు కందుల బస్తా దగ్గర బేరంలో ఉన్నాడు. మరిది చెయ్యి చాపాడు. జేబులోంచి రుమాలు తీసి ఫోనుకు అడ్డం పెట్టుకోబోయాడు. ఆ రుమాలు తీసేలోపల నేను గడప దాటి, వాడి చేతికింది నుంచి రిసీవరు ఎత్తాను. ఎత్తి, నోటికి ఆనించి పట్టుకున్నాను.

"అయ్యో! ఫోను ముట్టింది!"

"దించు చెల్లె, దించు! పిల్లలు గలోళ్ళం!"

"ఎవరన్న వచ్చి గుంజుకోండ్రి" అన్నాను.

ఒక్కడూ రాలేదు. బెంచీలు జరిగాయి. తెల్లచొక్కా ఆయన నా పక్కనుంచి పోవలసి వస్తుందని, గల్లా బల్ల ఎక్కి దూకి రోడ్డు మీదికి పోయాడు. మోరీలో కాలు పడింది. క్షణంలో వ్యాపారులందరూ నేను నిలబడ్డ చోట, ఎండలో ఉన్నారు. నేను నీడలో ఉన్నాను.

ఫోనులో మద్రాసు ఏజెంటు. "హలో, ఎవరండీ మాట్లాడేది?"

"ఎవరు మాట్లాడేది అంటుండ్రు" అని రోడ్డు వైపు తిరిగి గట్టిగా చెప్పాను. ఫోనులో, "ఆకుపచ్చ చుక్క కార్ఖానా ఇంటామెను సారూ" అన్నాను.

"మీకోసమే చేశానమ్మా. మీ వ్యాగను సంగతి ఏం బాగాలేదు."

"మా వ్యాగను సంగతి బాగలేదంట."

"రాళ్ళన్నీ పడుకోబెట్టి పంపించారు. అడుగున ఉన్నవన్నీ ముక్కలు. పైవాటికి అంచుల్లేవు. పాలిషు చూస్తే ఒకచోట నునుపు, ఒకచోట గరుకు. రాళ్ళ పని తెలిసినవాడెవడైనా ఇట్లా చేస్తాడా? గాడిద కూడా చెయ్యదు."

అన్నీ చెప్పాను. గాడిద ముక్క కూడా చెప్పాను. మరిదిని చూస్తూ చెప్పాను.

"వదినా, ఫోను నాకియ్యి. నేను మాట్లాడ్త."

"వచ్చి తీస్కో." రిసీవరు చాపాను. వాడు గడప దాకా వచ్చాడు. నా ఊపిరికి దానిమీద తడి చేరి ఉంది. వాడు ఆ తడిని చూశాడు. తన అన్న ఊపిరి, తన వదిన ఊపిరి. చెయ్యి లేచి, మళ్ళీ దిగిపోయింది. అందరికంటే ఎక్కువ భయం వాడికే.

ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాను. "సారూ, గా రాళ్ళ అంచుకు ఏం గుర్తున్నది?"

"నీలం గీతమ్మా."

"నీలం గీతనంట!" రోడ్డుమీద తలలన్నీ ఒక్కసారి మరిది వైపు తిరిగాయి. తెలియని సంగతి తెలిసినట్టు తిరిగాయి. అది చూసి నాకు ఒళ్ళు మండింది. "సారూ, మాది ఆకుపచ్చ చుక్క. మా రాళ్ళు తాండూర్లనే ఉన్నయి. మా వ్యాగన్ల మా మరిది తన రాళ్ళు నింపుకున్నడు. ఓడ కబురు నాకు చెప్పలేదు. ఈడున్నోళ్ళు ఎవ్వరు చెప్పలేదు."

"అది మీ ఇంటి గొడవమ్మా. నాకు రాయి కావాలి. వచ్చే ఓడకు మీ రాయి అందితే చూస్తాను. అందకపోతే ఇంకెవరితోనైనా మాట్లాడుకుంటాను."

"వచ్చే ఓడకు మా రాయి అందాలంట. అందకపోతే మాకిక ఏం లేదంట." ఇది కూడా అరిచే చెప్పాను. రివాజు నాకొక్కదానికి వేరే ఎందుకు?

"మరి ఈ ముక్కలేం చెయ్యమంటారు? రేవులో ఉంచనివ్వరు. వ్యాగను మీ ఆయన పేరు మీద వచ్చింది, మీరేం చెబితే అది."

"గీ ముక్కలేం చేయాల్నని అడుగుతుండ్రు. వ్యాగను మా పేరు మీదున్నది గనుక నేనేం చెప్తే గదేనంట."

మరిది మోరీ గట్టుమీద కూలబడ్డాడు. "వదినా, పైవి కొన్నన్న మంచిగ ఉంటయి. ఏరి పక్కకు పెట్టుమను. ఎవరన్న కొంటరు. నా గనిల మంచి రాయంత గదే వదినా. ఇంక లేదు. నీ కాళ్ళు మొక్కుత."

సాయిబు, ఎర్ర గీత ఆయన, తల దించుకుని అన్నాడు. "జర సోంచాయించమ్మా, ఆలోచన చెయ్యి. పిల్లగాడు తప్పు చేసిండు."

"గా దినం ఓడ కబురు మీరు విన్నరా లేదా, సాయిబు?"

"విన్నం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ ఇంటి మనిషే చెప్తడనుకున్నం."

"నా ఇంటి మనిషి సంగతి నేను చూసుకుంట" అన్నాను. ఫోనులోకి మళ్ళి, "సారూ, మీ రేవుల రోడ్డు మంచిగున్నదా?" అని అడిగాను.

"ఎక్కడమ్మా, అంతా గుంతలే. లారీలు దిగబడుతున్నాయి."

"గా గుంతలల్ల పోయుండ్రి గీ ముక్కలు. మంచియి ఏరకుండ్రి. మంచియి గూడ పలగ్గొట్టి పోయుండ్రి."

"మంచివి కూడానా?"

"మంచియి గూడ." ఆ తర్వాత రోడ్డువైపు తిరిగి, ఫోనులో చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క తక్కువ కాకుండా వాళ్ళందరికీ వినిపించాను. ఇవాళ ఎవరైనా అడిగినా అదే చెబుతాను.

ఆ రాత్రి షావుకారు ఫోనును ఫినాయిలుతో తుడిపించాడు. మరునాడు సాంబ్రాణి పొగ వేశాడు. ఇంకో రోజు ఎవరో చెప్పారని నిమ్మకాయ తెచ్చి రుద్దించాడు. ఎన్ని చేసినా దాన్ని నోటి దగ్గరికి తీసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మోగితే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. చివరికి కార్ఖానాకు మనిషిని పంపారు. "అక్కా, ఫోను మోగుతుంది, జరొచ్చి ఎత్తరాదు."

పోయాను. కొత్త ఫోనుకు షావుకారు అర్జీ పెట్టుకున్నాడు. అది వచ్చేసరికి ఎన్నో ఓడలు పోయాయి. అన్నాళ్ళూ ఆ దుకాణంలో ఫ్యాను కింద కూర్చున్నది నేను. వాళ్ళు రోడ్డుమీద నిలబడి విన్నారు. షావుకారు తన కందుల బేరం కూడా వీధిలోంచి అరిస్తే నేను ఫోనులో చెప్పేదాన్ని. ఎవరి కబురూ దాచలేదు. ఒక్క ముక్క మెత్తన చేయలేదు. తెల్లచొక్కా ఆయన రాయి నాసిరకమని ఏజెంటు అంటే, స్టేషను దాకా వినబడేటట్టు నాసిరకమని చెప్పాను. మా ఆయన రోగం ఏమిటో, డాక్టరు ఏమన్నాడో మళ్ళీ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మరిదిని మాత్రం వాళ్ళు తమతో కలవనివ్వలేదు. "కబురు మింగేటోడు మాకొద్దు" అన్నారు. ఆ రోజు కబురు మింగిన నోళ్ళే అన్నాయి. వాడి గనిలో పనికొచ్చే రాయి లేదు, ఉన్నా వ్యాగనులో చోటివ్వరు. కార్ఖానా మూతపడింది.

తర్వాతి ఓడ కబురు నేనే విన్నాను, నేనే అందరికీ చెప్పాను. వ్యాగన్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. మా రాళ్ళు ఎక్కించే రోజు హమాలీలు చాలలేదు. గూడ్సు షెడ్డు దగ్గరికి మరిది వచ్చి నిలబడ్డాడు. తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, పనికే వచ్చాడని అర్థమైంది.

"వదినా, పనుంటే ఇయ్యి."

"మొయ్యొస్తదా?"

"వస్తది."

"నిలబెట్టొస్తదా?"

హమాలీలు నవ్వారు. ఒకడు, "గడ్డి అంటే ఏందో తెలుసా అయ్యా?" అన్నాడు. ఇంకొకడు ఒక గడ్డి పరక తెచ్చి వాడి చెవిలో పెట్టాడు. మరిది దాన్ని తీసి పారెయ్యలేదు. రాయి కిందికి భుజం పెట్టాడు. అందరికీ ఇచ్చే కూలే వాడికీ ఇస్తానని చెప్పాను, అందరూ తాగే కుండలోనే తాగుమన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

మా రాయి ఓడకు అందింది. ఏజెంటు ఫోను చేసి, ఏడాదంతా మీ దగ్గరే తీసుకుంటానన్నాడు. రోడ్డు మీదివాళ్ళకు అది కూడా చెప్పాను. ఎవరూ సంతోషించలేదు. సంతోషించాలని నేనూ అనుకోలేదు.

అది చెప్పడానికి వికారాబాదు పోయాను. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఎముకలు లెక్కబెట్టవచ్చు. ఓడెక్కినయని చెప్పాను. ఏడాది ఆర్డరని చెప్పాను. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత తమ్ముడి సంగతి మొదటినుంచీ చెప్పాను. వ్యాగను, నీలం గీత, ముక్కలు, రేవులో గుంతలు. తమ్ముడు కదా, ఏమంటాడోనని ముఖం చూస్తూ చెప్పాను. మంచివి కూడా పలగ్గొట్టించానన్న చోట ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగక దవాఖాన నర్సు వచ్చి నన్ను కసిరింది. ఆమె పోయాక కళ్ళు తుడుచుకుని, "మల్ల చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. గాడిద ముక్కతో సహా.

రెండోసారీ విన్నాక రొట్టె పక్కన పెట్టి అడిగాడు. "ఇప్పుడేం జేస్తుండు?"

"రాళ్ళు మోస్తుండు."

"ఎవరియి?"

"మనయే."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని గిన్నె సర్దుతున్నాను. కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"పలగకుంట మొయ్యిమను."

మరునాడు షెడ్డు దగ్గర వాడితో ఆ మాట చెప్పాను. మీ అన్న చెప్పమన్నడు అన్నాను. వాడు భుజం మీది రాయి దించి, అంచు చేత్తో తడిమి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు.